వేళ్ళకి గోరింటాకు తొడుగు

“రంగు కాదండీ అది! ఎన్నిసార్లు చెప్పాలి? రంగేసుకుని ఎవరికి చూపించుకోవాలి నేను, గుండిగలకా?”

జీవరత్నం అరుస్తున్నది నా మీద కాదు, నా కంప్యూటర్ మీద. భవానీపురంలో నాకో చిన్న జెరాక్స్ కొట్టు ఉంది. అడిగినవాళ్ళకి అర్జీలు టైపు చేసి పెడతాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని, ‘గోళ్ళకు రంగు వేసుకున్నాననే కారణముపై నన్ను పనిలోనుండి నిలిపివేసిరి’ అని నేను కొట్టిన లైను దగ్గర తెర మీద వేలు పెట్టింది.

ఆ వేలు చూశాక నాకు లైను మీద ధ్యాస పోయింది. కుడిచేతి బొటనవేలు అది. గోరు చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది. గోరు ఒక పక్క పచ్చగా, నల్లగా మారి, అడుగు నుంచి లేచి ఉంది.

“నువ్వే కదమ్మా చెప్పావు, రంగని పంపించేశారని?”

“వాళ్ళన్నారండీ రంగని. మీరూ రంగనే రాస్తే నేను ఒప్పేసుకున్నట్టు కాదూ? అది గోరింటాకు. నా చేతులకి తొడుగు. అలా రాయండి.”

“అర్జీలో తొడుగు అంటే ఎవరికర్థమవుతుంది?”

“అర్థమయ్యేదాకా రాయండి అన్నయ్యగారూ. కాయితం ఎక్కువైతే జెరాక్సు కొట్టు మీదేగా.”

అర్జీకి పది లైన్లు చాలు. జీవరత్నం చెప్పింది పది లైన్లలో ఇమిడేది కాదు. మూడు సాయంత్రాలు కొట్టు కట్టేసే వేళకి వచ్చి కూర్చుంది. నేను వింటూ పోయాను. విన్నకొద్దీ నాకూ ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడకి యాభై మూడేళ్ళు. పటమటలో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వంటలు చేసి పంపే క్యాటరింగ్ వాళ్ళ దగ్గర ఇరవై రెండేళ్ళుగా గిన్నెలు తోముతోంది. మామూలు అంట్లు కావవి. మనిషి లోపల కూర్చోగలిగే గుండిగలు, పులిహోర కలిపే గంగాళాలు, నెయ్యి గడ్డకట్టిన బూరెల మూకుళ్ళు, బఫే బల్లల మీద పెట్టే స్టీలు ట్రేలు. ముహూర్తాల రోజుల్లో పొద్దున ఆరింటికి నీళ్ళ తొట్టి ముందు కూర్చుంటే సాయంత్రం దాకా చేతులు బయటికి రావు. ఆవిడతో పాటు ఇంకో ఏడుగురు ఆడవాళ్ళు. వాళ్ళందరికీ ఈవిడే పెద్ద. ఏ గిన్నెకి బూడిద, ఏ గిన్నెకి చింతపండు, దేనికి ఏ పీచు అన్నది ఈవిడ నోటి మాట మీదే నడుస్తుంది.

“ఇరవై రెండేళ్ళలో నాకు ఒక్క గోరు పోలేదండీ. మా వాళ్ళలో ఎవరికైనా గోరుచుట్టు లేచిందంటే ముందు నేనే గుర్తుపట్టేదాన్ని. ఏంటి, ఈ నెల ఆకు పెట్టుకోలేదా అని తిట్టేదాన్ని. నా ఇంటి ముందు చెట్టుంది. నెలకి రెండుసార్లు ముద్ద నూరి డబ్బాలో పెట్టి పట్టుకెళ్ళి, అందరి వేళ్ళకీ నేనే తొడిగేదాన్ని. చివర్లకే, మొదటి కణుపు దాకా. అరచేతిలో చందమామలూ చుక్కలూ పెట్టుకునే వయసా మాది?”

ఈ అలవాటు ఆవిడకి వాళ్ళమ్మ శౌరమ్మ దగ్గర్నుంచి వచ్చింది. పామర్రు అవతల వాళ్ళ ఊరు. శౌరమ్మ ఊడ్పులకి, అంటే వరినాట్లు వేయడానికి, వెళ్ళే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. కాలవకి నీళ్ళు వదిలిన దగ్గర్నుంచి నెలన్నర రోజులు ఆడవాళ్ళ కాళ్ళూ చేతులూ బురదలోనే. కాలి వేళ్ళ సందులు తెల్లగా నాని, చీలి, దురద. రాత్రికి కాళ్ళు నేలకి రాసుకున్నా తీరని దురద. అందుకని ఊడ్పులు మొదలయ్యే ముందు రోజు సాయంత్రం ముఠా అంతా కాళ్ళకీ చేతులకీ గోరింటాకు పెట్టుకోవాలన్నది ఆ ఊళ్ళో లెక్క. గోరింటాకు పండని వేళ్ళతో శౌరమ్మ ఎవర్నీ చేలో దిగనిచ్చేది కాదట.

“ముద్ద పొలం ఆసామిగారింటి నుంచే ఇచ్చేవాళ్ళు. పనిముట్టు ఇచ్చినట్టే. ఆకు దూసేది మా వాళ్ళే, వాళ్ళ దొడ్లో రోటి దగ్గర కూర్చుని రుబ్బేదీ మా వాళ్ళే. చివరికొచ్చేసరికి ఆసామిగారి భార్య అరుగు మీద నిలబడి అరిటాకు ముక్కలో పైనుంచి వదిలేది. మేం కింద చేతులు పట్టేవాళ్ళం.”

“చెయ్యి తగలకుండానా?”

“తగిలితే ఎట్టాగండీ, ఆవిడ మళ్ళీ స్నానం చెయ్యొద్దూ!” జీవరత్నం నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు.

తనకి పదేళ్ళప్పటి సంగతి ఒకటి చెప్పింది. ఆ ఏడాది ఆ ఇంటికి కొత్త కోడలొచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల. పేరు వెంకటరత్నమ్మ. అత్తగారు పైనుంచి వదిలిన ముద్ద జీవరత్నం చేతుల్లోంచి జారి మట్టిలో పడింది. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. కొత్త కోడలు లోపలికి వెళ్ళి ఇంకో ముద్ద తెచ్చింది. తెచ్చి, అరుగు మీద నుంచి వదల్లేదు. మెట్లు దిగి, నేల మీద కూర్చుని, ఆ పిల్ల పది వేళ్ళకీ తనే పెట్టింది. ‘ఏంటా పని’ అని అత్తగారు కేకేస్తే, ‘రేపు మన చేలో దిగే చెయ్యేగా అత్తయ్యా’ అందట.

“ఆ మాట నాకింకా చెవిలోనే ఉందండీ. రేపు మన చేలో దిగే చెయ్యి.”

ఆ కుటుంబం తర్వాత చేలు కౌలుకిచ్చి బెజవాడ వచ్చింది. క్యాటరింగ్ పెట్టింది వాళ్ళే. జీవరత్నాన్ని పనిలో పెట్టుకుంది ఆ వెంకటరత్నమ్మగారే. ఇప్పుడావిడకి మోకాళ్ళు పట్టేసి పై అంతస్తు నుంచి కిందికి రావడం లేదు. వ్యాపారం కొడుకు చూస్తున్నాడు. అందరూ బాబీ అనే పిలుస్తారు. ముప్పై ఆరేళ్ళవాడు, మాట మెత్తన. బండి మీద వెళ్తూ నాకు కూడా నమస్కారం పెడతాడు. చెడ్డవాడని నేను రాయను. తెలుసుకోవలసిన అవసరం ఎన్నడూ రానివాడు, అంతే. కోపం రావడానికి అది చాలు.

మొన్న ఆషాఢంలో బాబీ పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి శుభ్రత మీద ట్రైనింగ్ ఇప్పించాడు. గోడకి ఒక బొమ్మ అంటించారు. పొడుగాటి ఎర్ర గోళ్ళున్న చెయ్యి, దాని మీద అడ్డంగా గీత. గోళ్ళకి రంగు, మెహందీ, ఉంగరాలు, గాజులు ఏవీ ఉండకూడదు.

ఆ నియమంలో న్యాయం లేదని నేను అనను. గోళ్ళ రంగు పెచ్చులూడి కూరలో పడితే ఎవరికి మంచిది? కాని పెచ్చులూడే రంగు వేరు, గోటిలోకి ఇంకిపోయే ఆకు వేరు. ఆ రెండూ ఒకటేనా అని ఒక్కరు అడగలేదు. నియమం రాసినవాడు నీళ్ళ తొట్టిలో ఒక పూట చెయ్యి పెట్టి ఉంటే అడిగేవాడు.

“బొమ్మలో గోళ్ళు పిల్లి గోళ్ళల్లే ఉన్నాయండీ. నావి చూడండి, మొదలంటా కత్తిరించుకుంటాను. అది నన్ను గురించి కాదనుకున్నాను. ఆ రోజు టిఫిను పెట్టారు, తినేసి వచ్చాను.” అక్కడ తను పొరబడ్డానంటుంది.

శ్రావణంలో బాబీ చెల్లెలు భానుశ్రీ పెళ్ళి. సొంత పెళ్ళి, సొంత క్యాటరింగ్. ముందు రోజు సాయంత్రం మెహందీ ఫంక్షన్ పెట్టారు. కోన్లు పట్టుకుని ఆరుగురు అమ్మాయిలొచ్చి వరసగా కూర్చున్నారు. పెళ్ళికూతురికి మోచేతుల దాకా నెమళ్ళూ ఏనుగులూ పల్లకీ. వచ్చిన చుట్టాలందరికీ తలా ఒక చెయ్యి. ఫొటోల కోసం మగవాళ్ళకి కూడా పెట్టారు. బాబీ అరచేతిలో గుండ్రటి సూర్యుడు, చుట్టూ కిరణాలు.

మర్నాడు పెళ్ళి భోజనాలయ్యాక, కల్యాణ మండపం వెనక గిన్నెలు కడిగే చోటికి బాబీ వచ్చాడు. తర్వాత ఏం జరిగిందో జీవరత్నం నాకు లేచి నిలబడి, రెండు గొంతులతో చెప్పింది.

“ఏంటి జీవరత్నం, ఆ చేతులేంటి? మొన్న ట్రైనింగ్‌లో చెప్పింది మర్చిపోయావా? కలర్ ఉండకూడదన్నామా లేదా?”

“గోరింటాకు బాబూ. నీళ్ళకి వేళ్ళు చెడకుండా.”

“ఏదైనా కలరేనమ్మా. రేపెవరైనా ఇన్‌స్పెక్షన్‌కి వస్తే నీ గోరింటాకు కథ వింటారా? గురువారం ముహూర్తానికి శుభ్రంగా తీసేసుకుని రా. లేకపోతే రావొద్దు.”

రావొద్దు అంటూ చెయ్యి ఊపాడట. ఊపిన అరచేతిలో సూర్యుడు ఎర్రగా పండి ఉన్నాడు.

“మీ చేతిలో ఏంటి బాబూ అన్నాను. అనకుండా ఎట్టా ఉంటానండీ?”

“ఏమన్నాడు?”

“ఇది ఫంక్షన్ అన్నాడు.”

నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. బయట బస్సు ఒకటి హారను మోగిస్తూ పోయింది.

“ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఆ వరసలోనే వచ్చాయి అన్నయ్యగారూ. నెమళ్ళు పెట్టుకున్న చేతులు తిని వదిలేసిన కంచాలే కదండీ మేం కడిగేవి! తినే చేతికి పండితే ముచ్చట. తోమే చేతికి పండితే మురికి. నా రంగు వాళ్ళ గిన్నెలకి అంటుతుందంట. మరి వాళ్ళ రంగు అన్నంలో కలుపుకు తిన్నారు కదా, దానికేమీ కాదా?”

 ఎదురుగా ఉన్నది గురువారం ముహూర్తం.

గోరింటాకు చెరిగేది కాదు. గోరు పెరిగి, కత్తిరించుకుంటూ పోతే నెలలకి పోతుంది. ఆవిడకి ఉన్నవి మూడు రోజులు. నిమ్మచెక్కతో రుద్దింది, పోలేదు. బట్టల సబ్బుతో రుద్దింది. చివరికి డ్రైనేజీలో చల్లే బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో కలిపి, పది వేళ్ళూ అందులో ముంచి కూర్చుంది. మంట పుట్టినా తియ్యలేదు. కాస్త ఆగి స్టీలు పీచుతో తోమింది. గుండిగలు తోమే పీచుతో తన గోళ్ళు తోముకుంది.

“ఎందుకంత పని చేశావమ్మా?”

“ఇరవై రెండేళ్ళు ఏ మరకైనా వదిలించిన దాన్ని. ఇది వదలదా అని పంతం పట్టాను. బుద్ధి లేక.” తల దించుకుంది. “ఎవరి మీదో పంతం ఎవరి మీదో చూపించుకున్నాను.”

రంగు సగం పోయింది. దాంతో గోరు మొదట్లో చర్మాన్ని పట్టి ఉంచే సన్నటి అంచు కూడా పోయింది. గురువారం వెళ్తే బాబీ చూసి, ‘వెరీ గుడ్, వాళ్ళందరికీ నువ్వే చెప్పు’ అని, మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు ఇచ్చాడు. మంచి ఉద్దేశంతోనే ఇచ్చాడు. కాని గుండిగలో చెయ్యి పెట్టి అడుగు తోమాలంటే భుజం దాకా వంగాలి. పై అంచు నుంచి నీళ్ళు గ్లౌజు లోపలికి వెళ్ళిపోతాయి. ఇక సాయంత్రం దాకా ఆ నీళ్ళూ, చెమటా, చెయ్యీ కలిసి అందులోనే నానుతాయి. విప్పితే వేళ్ళు ఉడకబెట్టిన వేరుశనక్కాయల్లా ఉండేవట. శ్రావణమంతా పెళ్ళిళ్ళు. ఆ నెల దాటేసరికి బొటనవేలు ఉబ్బింది. ఇంకో నెలకి గోరు రంగు మారింది. ముఠాలో ఇంకో ఇద్దరికి గోరుచుట్లు లేచాయి.

అప్పుడు బాబీ మళ్ళీ చూశాడు. “అయ్యయ్యో, ఈ చేత్తో గిన్నెలు ఎలా ముట్టుకుంటావ్? కస్టమర్లు చూస్తే ఏమవుతుంది? తగ్గేదాకా ఇంట్లో ఉండు.”

రంగుందని రావొద్దన్నారు. రంగు తీస్తే రోగం వచ్చింది. రోగం వచ్చిందని రావొద్దన్నారు. ఇది జీవరత్నం మాట కాదు, అర్జీలో పెట్టాలని నేను అనుకున్న మాట. చదివి వినిపిస్తే ఆవిడ, “అదీ! అట్టా రాయండి,” అంది.

చర్మ వ్యాధుల డాక్టరు ఉషశ్రీగారు చిన్న వయసావిడ. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చూస్తారు. జీవరత్నంతో నేనూ వెళ్ళాను. సాయం కోసం వెళ్ళానని చెప్పుకున్నాను కాని, అసలు వినాలన్న ఆశ నాది. ఆవిడ గోరు అంచు కొంచెం గీకి, గాజు పలక మీద వేసి, మందు చుక్క వేసి, మైక్రోస్కోపులో పెట్టారు. మమ్మల్ని కూడా చూడనిచ్చారు. గుండ్రటి బుడగలు, వాటికి తోకల్లా సన్నటి దారాలు.

“ఇది ఫంగస్ అమ్మా. ఈస్ట్ జాతిది. రొట్టెల పిండి పులియబెట్టేదానికి చుట్టం లాంటిది.”

“అంటే నా గోట్లో పిండి పులుస్తోందన్నమాట!”

డాక్టరుగారు నవ్వారు. “దాదాపు అంతే. నీళ్ళలో పని చేసేవాళ్ళందరికీ ఇదే బెడద. నువ్వు బ్లీచింగ్‌తో రుద్దినప్పుడు గోటికీ చర్మానికీ మధ్య తలుపు తీసినట్టయింది. లోపలికి దూరింది.”

“అంతకు ముందు ఇరవై రెండేళ్ళు ఎందుకు దూరలేదండీ? గోరింటాకు ఉండబట్టే కదా?”

డాక్టరుగారు వెంటనే అవుననలేదు, కొట్టిపారెయ్యనూ లేదు. నాకావిడ మీద గౌరవం కలిగింది అక్కడే.

“ఉండొచ్చు. గోరింటాకులో లాసోన్ అని ఒక పదార్థం ఉంటుంది. చర్మంలోనూ గోట్లోనూ ఉండే మాంసకృత్తిని పట్టుకుని కూర్చుంటుంది. అందుకే ఎంత కడిగినా పోదు. దానికి ఫంగస్‌ని ఎదగనివ్వని గుణం ఉందని ల్యాబుల్లో చూశారు. కాని గాజు పళ్ళెంలో పెంచిన ఫంగస్ మీద పనిచేసినంత మాత్రాన మనిషి గోటి మీద పనిచేస్తుందని నేను రాసివ్వలేను. అలా సరిగ్గా పరీక్షించినవి చాలా తక్కువ. ఇప్పుడు నీకున్నది మాత్రం ఆకుతో తగ్గదు. మాత్రలూ, పైపూతా వాడాల్సిందే. పుండు మీద ఆకు పెట్టావంటే ఊరుకోను.”

“తగ్గిస్తుందని నేనెప్పుడన్నానండీ? రాకుండా ఆపుతుందన్నాను. వానలో గొడుగు పట్టుకెళ్తాం. జ్వరం వచ్చాక గొడుగేసుకు పడుకుంటామా?”

“ఆ మాట బాగుంది,” అన్నారు డాక్టరుగారు, రాస్తున్న చెయ్యి ఆపి.

“ఇంకోటి చెప్పండమ్మా. ఆ లాసో ఏదో అన్నారే, అదీ రంగూ వేరు వేరా?”

“కాదు. ఆ ఎరుపే అది. రెండూ ఒకటే.”

జీవరత్నం నా వైపు తిరిగింది. ఆస్పత్రి అని కూడా చూడలేదు. “విన్నారా అన్నయ్యగారూ! రంగు తియ్యమంటే మందు తియ్యమన్నట్టే కదా! తీసేసి రమ్మంటే ఏం తీస్తున్నామో అడగొద్దా ఆ బాబు? ఒక్క మాట అడిగితే నోరు పడిపోతుందా?”

వరసలో కూర్చున్నవాళ్ళంతా చూశారు. డాక్టరుగారు ‘మెల్లగా’ అని సైగ చేసి, కాగితం మీద రాసిచ్చారు. మాత్రలు. మూడు నెలలు ఆ చెయ్యి నీళ్ళలో పెట్టకూడదు. ఆ తర్వాత కూడా రబ్బరు గ్లౌజు లోపల నూలు గ్లౌజు, తడిసినప్పుడల్లా మార్చుకోవాలి.

“నీళ్ళలో పెట్టకూడదా! నా పనే నీళ్ళు కదమ్మా. చేపని పట్టుకుని కొన్నాళ్ళు ఒడ్డున ఉండమన్నట్టుంది.”

“పొడి పని ఇమ్మని అడుగు. అడిగే హక్కు నీకుంది.”

ఇంటికొచ్చాక నేను కూడా ఫోన్లో నాకు చేతనైనంత చదివాను. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, సగం డిక్షనరీ చెప్పేది. డాక్టరుగారు చెప్పినట్టే ఉంది. గోరింటాకు, వేప, పసుపు, వెల్లుల్లి, తులసి, ఒక్కొక్కదాని మీద ఎన్నో పరీక్షలు. చాలావరకు గాజు పళ్ళేల్లోనే ఆగిపోయాయి. అక్కడి నుంచి ఊడ్పులు ఊడ్చే కాలి దాకా, గిన్నెలు తోమే చేతి దాకా వచ్చి చూసినవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు. శౌరమ్మ ముఠాలో ఏటేటా పండిన వేళ్ళని పక్కన నిలబడి చూసి, నిజమా కాదా అని తేల్చినవాళ్ళు ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు. నిజం కాదని తేలినా సరే, జీవరత్నం ఒప్పుకునేది. అసలు చూడనే లేదన్నదే నా బాధ. చూడకుండా కలర్ అని ఒక పేరు పెట్టేసి, గోడకి బొమ్మ అంటించేశారు.

బాబీకి ఇవ్వాల్సిన అర్జీ నాలుగుసార్లు మార్చాను. మొదటిదాంట్లో ‘తమ దయగల సమక్షమునకు విన్నవించుకొనునది’ అని మొదలుపెడితే ఆవిడ, “దయ సంగతి తర్వాత. ముందు వినమనండి,” అని కొట్టేయించింది. చివరికి మిగిలినవి మూడు కోరికలు. గోరు తగ్గేదాకా గిన్నెలు తుడిచి ఆరబెట్టి సర్దే పని ఇవ్వాలి. ముఠా మొత్తానికి లోపల వేసుకునే నూలు గ్లౌజులు ఇవ్వాలి. గోళ్ళు కురచగా ఉన్నవాళ్ళు వేళ్ళకి గోరింటాకు పెట్టుకుంటే అడ్డు చెప్పకూడదు. కింద డాక్టరుగారి కాగితం నకలు.

ఇవ్వాళ పొద్దున ఆ అర్జీ పట్టుకుని జీవరత్నం ఇంటికి వెళ్ళాను. పటమట తీసుకెళ్ళి ఇవ్వాల్సింది నేనే. గేటు దగ్గర వాచ్‌మన్ తిరుపతిరావుకి ఆవిడని రానివ్వొద్దని చెప్పి ఉంచారట. ఇరవై రెండేళ్ళు ఆవిడ చేతి టీ తాగిన మనిషే. ‘నన్నేం చెయ్యమంటావు అక్కా’ అని మొహం తిప్పుకున్నాడట.

గుమ్మం పక్కన గోరింట చెట్టు నడుం ఎత్తున గుబురుగా ఉంది. ఆవిడ రోటి ముందు కూర్చుని ఎడమ చేత్తో ఆకు నూరుతోంది. ఆకు, గోలీ అంత చింతపండు. నీళ్ళు లేవు. కుడిచేతి బొటనవేలికి శుభ్రమైన గుడ్డ చుట్టి ఉంది. ఇల్లంతా పచ్చి ఆకు వాసన.

“ఇంకెవరికమ్మా ఈ ఆకు? డాక్టరుగారు తిడతారు.”

“నాకు కాదండీ. కూర్చోండి. చదవండి.”

అర్జీ మొత్తం చదివాను. కళ్ళు మూసుకుని విన్నది. ‘తొడుగు’ అన్న మాట వచ్చినప్పుడు తల ఊపింది. చదవడం అయ్యాక కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చింది.

“బాగుంది. అయితే ఇది బాబీ బాబు చదవడు అన్నయ్యగారూ. ఆఫీసులో బల్ల మీద పెడతాడు. దాని మీద టీ కప్పు పెడతాడు.”

“మరి?”

ముద్దని ఎడమ చేత్తోనే తీసి, మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో పెట్టింది. అంచులు గుడ్డతో తుడిచింది. మూత బిగించి నా చేతిలో పెట్టింది. చల్లగా, బరువుగా ఉంది.

“కింద ఆఫీసు, పైన ఇల్లు. మీరు ముందు పైకెళ్ళండి. తిరుపతిరావు మిమ్మల్ని ఆపడు, మీరు చొక్కా టక్ చేసుకుంటారుగా. వెంకటరత్నమ్మగారి మంచం దగ్గర కూర్చోండి. ఆవిడకి నమస్కారం చెప్పి ఈ డబ్బా మూత తియ్యండి. వాసన తగలనివ్వండి. ఆ తర్వాత బాబీ బాబుని పైకి పిలవమని అడగండి.”

“పిలిస్తే?”

“కొడుకు ముందు ఆవిడని ఒక్క మాట అడగండి. నా ఉద్యోగం గురించి అడగొద్దు. దణ్ణాలు పెట్టొద్దు. ఊడ్పుల ముందు రోజు సాయంత్రం మెట్లు దిగొచ్చి, నేల మీద కూర్చుని, శౌరమ్మ కూతురి వేళ్ళకి మీరు పెట్టింది రంగా, మందా? అంతే అడగండి.”

“ఆవిడకి గుర్తు లేకపోతే?”

జీవరత్నం రోటి వైపు చూసింది. దాని లోపలి గోడలకి అంటుకున్న ఆకుని వేలితో గీకి పక్కన పెట్టింది.

“గుర్తు లేదంటే గుర్తు లేదన్నదనే వచ్చి చెప్పండి. రంగే అంటే రంగేనన్నదని చెప్పండి. నేను బాధపడతానని మీరు మధ్యలో మాటలు అతకొద్దు. అతికే అలవాటుంది మీకు, అర్జీలు రాసీ రాసీ.” గుమ్మం దాకా వచ్చింది. “ఇక బయల్దేరండి, ఎండెక్కకముందే. ఏమన్నదో ఆవిడ నోట వచ్చింది వచ్చినట్టే తీసుకురండి. డబ్బా కూడా మర్చిపోకండి.”